పదిలక్షల్లో ఇరవై రెండు

చెప్పులు మెట్ల దగ్గర విడవకుండా ఉండాల్సింది. రోహిణీ కార్తె ఎండకి డాబా కాలిపోతోంది. నాలుగంగల్లో నీళ్ళ ట్యాంకు నీడలోకి వచ్చేయండి. అమలాపురం నుంచి ఓడలరేవు వైపు వెళ్ళే దారిలో ఒక ఊరిది. ఎటు తిరిగినా కొబ్బరి తలలే, వాటిని దాటుకుని అక్కడక్కడ సెల్ టవర్లు. డాబాలో సగం మేర పాత చీరలు పరిచి మాగాయ ముక్కలు ఎండబెట్టారు. మిగతా సగం, ఇంటావిడ దయతలచి ఇచ్చినంత మేర, ఇంజనీరింగ్ సెలవులకి వచ్చిన కుర్రాడిది. పీవీసీ గొట్టం ఒకటి నిలబెట్టి, దాని కొసన రెండు అల్యూమినియం చువ్వలు పడుకోబెట్టి బిగించాడు. ఒక్కోటి 53 సెంటీమీటర్ల పైచిలుకు, రెంటి మధ్య కోణం 120 డిగ్రీలు. కేబుల్ అక్కడి నుంచి దిగి, బోర్లించిన అట్టపెట్టెలోకి వెళ్ళింది. పెట్టెలో లాప్‌టాప్ ఉంది. ఈ ఎండలో తెర కనబడాలంటే పెట్టెలో తల దూర్చక తప్పదు.

"ఆ చువ్వలు మాగాయ మీద పడ్డాయంటే నిన్నూ నీ ఉపగ్రహాన్నీ కలిపి ఊరేస్తానొరేయ్!" అని కింద నుంచి కేక.

"పడవమ్మా!" అని ఇతను పైనుంచి. ఆ తర్వాత మీ వైపు తిరిగి, గొంతు తగ్గించి, "కిందటిసారి పడ్డాయండి" అంటాడు.

వచ్చేది మీటియర్-ఎం 2-4. రష్యా వాళ్ళు 2024 ఫిబ్రవరి 29న పంపిన వాతావరణ ఉపగ్రహం. సుమారు 820 కిలోమీటర్ల ఎత్తున ధ్రువాల మీదుగా తిరుగుతూ, తాను చూస్తున్న భూమి బొమ్మను అప్పటికప్పుడు 137.9 మెగాహెర్ట్జ్ మీద కిందకి వదులుతుంది. చువ్వలున్న వాళ్ళెవరైనా పట్టుకోవచ్చు. ఇంకా కొన్ని నిమిషాలుంది కనక ఈలోగా కేబుల్ చివర ఉన్న ఆ చిన్న రేడియో రిసీవర్‌ని, డాంగిల్‌ని, ఒకసారి ముట్టుకోండి. చటుక్కున చెయ్యి తీసేశారు కదా! ఎండ వేడి కొంత, దాని సొంత వేడి కొంత. మనకి పనికొచ్చే సంగతి ఆ వేడిలోనే ఉంది.

అందులో 28.8 మెగాహెర్ట్జ్ దగ్గర కొట్టుకునే చిన్న స్ఫటికం ఒకటుంది. రిసీవర్ ఏ ఫ్రీక్వెన్సీకి తిరగాలన్నా ఆ కొట్టుకోవడమే కొలత. గాలిలోంచి వచ్చిన తరంగాన్ని సెకనుకు పదిలక్షల పైచిలుకు ముక్కలుగా కోసి కంప్యూటర్‌కి ఇవ్వాలన్నా అదే గడియారం. చవకరకం స్ఫటికాలు పదిలక్షలకి యాభై దాకా తప్పుతాయి. పదిలక్షలకి ఎంత తప్పు అన్న లెక్కకే పీపీఎం అని పేరు. యాభై పీపీఎం అంటే 137.9 మెగాహెర్ట్జ్ దగ్గర దాదాపు 6,900 హెర్ట్జ్ పక్కకి పోవడం. అదే స్ఫటికం కోతకి కూడా కొలత కాబట్టి, కోత కూడా అదే నిష్పత్తిలో తప్పుతుంది. ఒకటి తప్పి రెండోది సరిగా ఉండడమన్నది ఉండదు.

తప్పుని కొలవడానికి ఈ కుర్రాడు వాడిన తూకం రాయి ఊళ్ళో సెల్ టవర్. 2జీ టవర్లు తమ ఫ్రీక్వెన్సీని 0.05 పీపీఎం లోపు నిలబెట్టుకోవాలని జీఎస్‌ఎం ప్రమాణం. ఫోన్లు సరిచూసుకోవడానికి అవి నిముష నిముషానికీ ఎన్నోసార్లు, తమ కారియర్‌కి, అంటే సమాచారాన్ని మోసే అసలు తరంగానికి, 67.7 కిలోహెర్ట్జ్ పైన, ఏ మార్పూ లేని శుద్ధమైన ఒక స్వరాన్ని వదులుతుంటాయి. ఆ స్వరం డాంగిల్‌లో ఎక్కడ వినబడిందో చూస్తే డాంగిల్ ఎంత తప్పిందో తేలిపోతుంది. పొద్దున్న కింద గదిలో చూస్తే 38 పీపీఎం. ఇప్పుడు ఇక్కడ 43. ఆ అయిదూ ఎండ తెచ్చినవి. "అరగంట ముందే పైకి తెచ్చి పెట్టానండి. ఎక్కాల్సినంత వేడి ఎక్కేశాక ఇక కదలదు. చల్లగా తెచ్చి అప్పటికప్పుడు పెడితే ఉపగ్రహం దాటిపోయేదాకా, ఆ పాస్ అంతటా, తప్పు మారుతూనే ఉంటుంది" అంటూ సాఫ్ట్‌వేర్‌లో 43 అని కొట్టాడు.

ఇక పెట్టెలో తల పెట్టండి.

తెర మీద నీలం రంగు వర్షంలా కిందకి జారుతోంది. అది ఉత్త రొద. మధ్యలో, ఉందా లేదా అన్నట్టు, కాస్త లేత నీలం పట్టీ. కళ్ళు చికిలించి చూస్తుండగానే పట్టీ గట్టిపడింది. ఆకుపచ్చకి తిరిగింది. "వచ్చేసిందండి!" ఉపగ్రహం క్షితిజం దాటింది. పట్టీ వెడల్పు 120 కిలోహెర్ట్జ్ పైనే ఉంటుంది. అది 3 కిలోహెర్ట్జ్ పైకి జరిగి ఉన్న సంగతి మీ కంటికి ఆనదు. పక్కన పరిగెత్తే అంకెలు చెబుతాయి.

ఎందుకు జరిగిందంటే డాప్లర్. ఆ పేరు ఇక్కడివాళ్ళకి కొత్త కాదు, తుపాను రోజుల్లో మచిలీపట్నం డాప్లర్ రాడార్ మాట వినని ఇల్లుండదు. పాఠ్యపుస్తకాల్లో మాత్రం దాన్ని రైలు కూతతో చెబుతారు. కోనసీమ పిల్లలకి అదొక అన్యాయం. కోటిపల్లి–నర్సాపురం రైలు మార్గం 2000-01లో మంజూరైంది. పట్టాలు గౌతమి అవతలి ఒడ్డునే ఆగాయి, ఏట్లో వంతెన స్తంభాలు లేచాయి, కూత మాత్రం ఇంకా ఏరు దాటలేదు. అందుకని ఈ కుర్రాడు 108 అంబులెన్సుతో సరిపెడతాడు. దగ్గరికొచ్చేటప్పుడు సైరన్ గొంతు పైకి, దాటిపోయాక కిందకి.

అంబులెన్సు సంగతి అందరూ చెప్పేదే. చాలామంది ఒదిలేసేది మరొకటి ఉంది. ఉపగ్రహం క్షితిజం దగ్గర మనవైపు సెకనుకు సుమారు ఆరున్నర కిలోమీటర్ల వేగంతో వస్తోంది. కాంతి వేగంతో పోలిస్తే అది పదిలక్షల్లో ఇరవై రెండు. 137.9 మెగాహెర్ట్జ్‌లో ఇరవై రెండు పీపీఎం అంటే 3 కిలోహెర్ట్జ్. మీరు తెర మీద చూసింది అదే. అయితే ఉపగ్రహం పంపే సింబల్స్, అంటే తరంగం మీద వరసగా వచ్చే సమాచారపు గుర్తులు, కూడా అదే వేగంతో మీదికొస్తున్నాయి. తాను సెకనుకు 72,000 పంపానని అది అనుకుంటుంది, ఈ డాబా మీద దిగేవి మాత్రం సెకనుకు ఒకటిన్నర ఎక్కువ. కారియర్ జరిగింది, గడియారం కూడా జరిగింది. అవి రెండు జబ్బులని చాలా పుస్తకాలు రెండు అధ్యాయాల్లో చెబుతాయి. మూలం ఒక్కటే, నిష్పత్తి ఒక్కటే.

ఇప్పుడు తెర మీద కుడి మూల చూడండి. నల్లటి చతురస్రంలో తెల్ల చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. వచ్చిన ప్రతి సింబల్‌కీ అక్కడ ఒక చుక్క పడుతుంది. అంతా సరిగా ఉంటే నాలుగు మూలల్లో నాలుగు గుత్తులు కట్టాలి. 3 కిలోహెర్ట్జ్ తేడా ఉన్నప్పుడు ఒక సింబల్ నుంచి మరో సింబల్‌కి వెళ్ళేలోపు బొమ్మ మొత్తం 15 డిగ్రీలు తిరిగిపోతుంది. ఆరు సింబల్స్ గడిచేసరికి ఒక మూలది పక్క మూలకి వెళ్ళి కూర్చుంటుంది. అప్పుడు చదివిందల్లా అబద్ధమే.

కక్ష్య లెక్కలు ముందే తెలుసు కాబట్టి సాఫ్ట్‌వేర్ ఆ తేడాలో చాలావరకు ముందే తీసేయగలదు. మిగిలింది తీసేది కోస్టాస్ లూప్, జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన జాన్ కోస్టాస్ 1956లో వివరించినది. చుక్క తన మూల నుంచి ఎంత పక్కకి తిరిగిందో చూడు, అంత వెనక్కి తిప్పు. తప్పు పదే పదే ఒకే దిక్కున వస్తోందంటే తేడా వేగంలోనే ఉందని పట్టుకుని, ఆ వేగాన్ని కూడా గుర్తుపెట్టుకో. అంతే దాని పని, సెకనుకు డెబ్భై రెండు వేలసార్లు. చూస్తున్నారా? వలయం తడబడింది, నెమ్మదించింది, ఆగింది. నాలుగు మూలలూ వచ్చాయి. కాకపోతే అవి గుత్తుల్లా లేవు, పొగచూరినట్టు అలుక్కుపోయి ఉన్నాయి.

ఆ అలుకు సమయానిది. సెకనుకు 10,24,000 ముక్కలు కోస్తుంటే ఒక్కో సింబల్‌కి పద్నాలుగు పైచిలుకు ముక్కలొస్తాయి. పద్నాలుగు సరిగ్గా కాదు, ఆ పైచిలుకే పేచీ. సింబల్‌ని దాని నడిమధ్యన చదవాలి. అంచున చదివితే ముందుదీ వెనకదీ కలిసిపోతాయి. నడిమి బిందువు చాలాసార్లు రెండు ముక్కల మధ్య ఎక్కడో పడుతుంది కాబట్టి అటూ ఇటూ ఉన్న ముక్కల నుంచి లెక్కగట్టి తెచ్చుకోవాలి. పైగా అది నిలకడగా ఉండదు, డాప్లర్‌తో పాటు జరుగుతుంది.

ఎటు జరిగిందో పసిగట్టే ఉపాయాల్లో నాకు ఎక్కువ నచ్చేది ఫ్లాయిడ్ గార్డ్‌నర్ 1986లో ప్రకటించినది. రెండు సింబల్స్ మధ్య, ఒకటి ధనమూ మరొకటి ఋణమూ అయినప్పుడు, గీత సున్నాని దాటాలి. సరిగ్గా నడుమ దాటితే మన గడియారం సరే. అక్కడ సున్నా కాకుండా మరేదైనా ఉందంటే తొందరపడ్డామో ఆలస్యమయ్యామో, గీత పైకి దాటుతోందో కిందకి దాటుతోందో కలిపి చూస్తే, దాని గుర్తు చెబుతుంది. ఇందులో గడుసుదనం ఏమిటంటే మామూలు సంకేతాలకి కారియర్ ఇంకా కుదరకముందే ఇది పనిచేస్తుంది. వలయం తిరుగుతుండగానే సమయం పట్టేసుకోవచ్చు. మీటియర్ పంపేది ఆఫ్‌సెట్ రకం, ఒకేసారి పంపే రెండు గీతల్లో ఒకటి అర సింబల్ వెనకగా నడుస్తుంది. అందుకని దీనికి ముందు కారియర్ కుదరాలి, ఆపైన ఆ అరని సరిచేసి సమయం చూసుకోవాలి. ఆ వరసలోనే మీ కళ్ళముందు జరుగుతోంది. అలుకు సన్నబడింది. నాలుగు గుత్తులు తేలాయి.

"లాక్!" అన్నాడు కుర్రాడు, ఎవరితోనో కాదు, తనతోనే.

గుత్తులు కుదిరాయి కానీ ఏ మూల ఏదన్నది లూప్‌కి తెలియదు. నాలుగు మూలలూ దానికి ఒకటే, తొంభై డిగ్రీలు తిరిగి కుదిరినా తృప్తిపడి కూర్చుంటుంది. ప్రతి ఫ్రేము మొదట్లో 32 బిట్ల గుర్తు ఒకటి వస్తుంది, 1ఏసీఎఫ్ఎఫ్‌సీ1డీ. నాలుగు తీర్లుగా తిప్పి చూసి, ఏ తీరున ఆ గుర్తు దొరికితే అదే నిజం.

ఉపగ్రహం నెత్తికి దగ్గరగా వస్తోంది. 3 కిలోహెర్ట్జ్ కాస్తా రెండయింది, ఒకటయింది. ఇక్కడ తేడా తక్కువ గానీ అది మారే జోరు ఎక్కువ, సెకనుకు పాతిక హెర్ట్జ్ దాకా. సిగ్నల్ బలంగా ఉంది. ఈ వ్యవధిలో ఒక కథ వినొచ్చు.

1997 అక్టోబరు 15న కసీని నౌక శని వైపు బయల్దేరింది. దాని వీపున హైగెన్స్ అనే యూరప్ శోధక నౌక. శనిగ్రహపు చందమామ టైటన్ మీదకి హైగెన్స్ దిగుతూ పంపే సమాచారాన్ని కసీని విని భూమికి అందించాలి. దారిలో ఉండగా, డార్మ్‌స్టాట్‌లో పనిచేసే స్వీడన్ ఇంజనీరు బోరిస్ స్మెడ్స్‌కి ఒక సందేహం కలిగింది. అసలు సంకేతం ఎలా ఉంటుందో అలాగే, డాప్లర్‌తో సహా, భూమి నుంచే పంపి చూద్దామని పట్టుబట్టాడు. 2000 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ యాంటెన్నా నుంచి పంపారు. కారియర్ చక్కగా దొరికింది. సమాచారం చెత్తగా వచ్చింది. ఇద్దరి మధ్య వేగం సెకనుకు అయిదున్నర కిలోమీటర్లని అనుకున్నారు, అంటే పద్దెనిమిది పీపీఎం. ఆ మేరకు కారియర్ జరుగుతుందని రిసీవర్‌లో ఏర్పాటు ఉంది. సెకనుకు 8,192 బిట్లు కూడా అదే పద్దెనిమిది పీపీఎం జరుగుతాయన్న సంగతికి బిట్ల గడియారంలో చోటు లేదు. అప్పటికి నౌక అందనంత దూరంలో ఉంది, ఆ భాగంలోని ప్రోగ్రాము మార్చే వీలూ లేదు.

గడియారాన్ని మార్చలేక దారినే మార్చారు. టైటన్‌ని 1,200 కిలోమీటర్ల దగ్గరగా దాటాల్సిన కసీనిని 60,000 కిలోమీటర్లకి పైగా దూరం జరిపారు. అప్పుడది హైగెన్స్‌కి ఎదురుగా దూసుకురాకుండా దాదాపు పక్కనుంచి వెళుతుంది, డాప్లర్ తగ్గుతుంది. ఆపైన, హైగెన్స్ పంపే సంకేతం సరైన చోట పడాలని, దిగడానికి ముందే దాన్ని ఆన్ చేసి వేడెక్కనిచ్చారు. మన కుర్రాడు డాంగిల్‌ని అరగంట ముందు ఎండలో పెట్టడం గుర్తుందిగా, ఆ పనే, శని దగ్గర. 2005 జనవరి 14న టైటన్ బొమ్మలు వచ్చాయి. అంత ఖర్చుపెట్టి చేసిన రిసీవర్‌ని బెదరగొట్టింది పద్దెనిమిది పీపీఎం. ఈ డాబా మీద ఇరవై రెండు. నలభై మూడు ముందే తీసేశారు కాబట్టి సరిపోయింది, లేకపోతే దానికి తోడు అదీ.

తెర మీద డాప్లర్ సున్నా దాటింది. ఇక ఋణం. అంకె పడిపోతుంటే గుత్తులు మాత్రం కదలకుండా నిలబడ్డాయి. లూప్ చేస్తున్న పని అదే, పని జరుగుతున్నంతసేపు ఏమీ కనబడదు.

మెట్ల మీద అడుగుల చప్పుడు. పక్కింటాయన, కొబ్బరికాయల వ్యాపారం, అంబాజీపేట మార్కెట్ ధర చెప్పుకుంటూ పైకొచ్చారు. మిమ్మల్ని చూసి, "తవరెప్పుడొచ్చారండి?" అని పలకరించి, పెట్టెలోకి వంగారు. "ఏరా అబ్బాయ్, తుపాను ముందే తెలుస్తుందా దీంట్లో?"

"ఆయ్, దాని పని వాతావరణ శాఖ వాళ్ళు చూసుకుంటారు మావయ్యా. ఇన్సాట్ అరగంటకోసారి బొమ్మ పంపిస్తుంది. అది ఒకేచోట నిలబడి ఉంటుంది, దానికి ఈ డాప్లర్ బాధ లేదు."

ఆయన తలాడించారు. 1996 నవంబరు 6 నాటి తుపానుకి తోటలు తోటలే పడుకోబెట్టిన ఊళ్ళివి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నర్సాపురం దగ్గరే తీరం దాటింది. ఇక్కడ తుపాను ప్రశ్న ఎవరూ ఊసుపోక అడగరు.

ఈలోగా తెర మీద బొమ్మ పట్టీలు పట్టీలుగా పేరుకుంటోంది. తీరం వంపు తెలుస్తోంది. పచ్చదనం మెరిసే పరారుణ పట్టీలో కృష్ణా, గోదావరి డెల్టాలు తెల్లగా వెలుగుతున్నాయి. ఒక చుక్కకి ఒక కిలోమీటరు లెక్కన, రాజోలు నుంచి యానాం దాకా కోనసీమ సుమారు యాభై చుక్కలు. ఆయన రెప్ప వెయ్యకుండా చూస్తున్నారు.

పాత నోవా ఉపగ్రహాలయితే ఇంకా తమాషాగా ఉండేది. అవి పంపేది అనలాగ్ బొమ్మ, సెకనుకు రెండు గీతలు. గడియారం యాభై పీపీఎం తప్పితే గీత గీతకీ కాస్త కాస్త జరుగుతూ, పన్నెండు నిమిషాలయ్యేసరికి బొమ్మ ఓ పక్కకి ఒరిగిపోయేది. అంచుని నిలువు చేస్తే తప్పెంతో స్కేలుతో కొలుచుకోవచ్చు. 2025 జూన్, ఆగస్టుల్లో మిగిలిన మూడింటినీ ఆపేశారు. డిజిటల్‌కి ఆ మొహమాటం లేదు. సరిచేసుకోగలిగినంతవరకు బొమ్మ నిక్కచ్చిగా వస్తుంది, చేతకానిచోట నల్లగా పోతుంది.

అన్నట్టే పోయింది. ఉపగ్రహం పక్కింటాయన పడమటి దొడ్డి వైపు దిగింది. గాలికి కొబ్బరి మట్టలు ఊగుతున్నాయి, ఊగినప్పుడల్లా సిగ్నల్ మునిగి తేలుతోంది. గుత్తులు చెదిరాయి, వలయం తిరిగింది, కుదిరింది, మళ్ళీ చెదిరింది. బొమ్మలో నల్ల పట్టీలు పడ్డాయి, ఒక్కో ప్యాకెట్ పోయినచోట 112 చుక్కల పొడవు, 8 చుక్కల ఎత్తు. ఇంకో నిమిషానికి తెర అంతా నీలమే.

"మొత్తం రికార్డు చేశానండి" అన్నాడు కుర్రాడు. పన్నెండు నిమిషాల ముడి శాంపిల్స్, అంటే కోసిన ముక్కలు, ఒకటిన్నర జీబీ దాకా. ట్యాంకు నీడలో లాప్‌టాప్ పెట్టుకుని మళ్ళీ నడిపించాడు, ఈసారి లూప్‌ని ఇరుకు చేసి. లూప్‌ని వెడల్పుగా పెడితే ఏ మార్పునైనా చటుక్కున అందుకుంటుంది, కానీ రొదకి కూడా ఊగిపోతుంది. ఇరుగ్గా పెడితే రొదని లెక్కచేయదు, కానీ ఒకసారి తప్పితే దొరకబుచ్చుకోవడానికి చాలాసేపు పడుతుంది. ఏట్లో పడవకి చుక్కాని పట్టేవాడి చెయ్యి లాంటిదే, ప్రతి అలకీ తిప్పితే పడవ మెలికలు పోతుంది, అసలు తిప్పకపోతే ఒడ్డెక్కుతుంది. ఇరుకు చేశాక కొన్ని పట్టీలు పూడాయి.

తర్వాత చేసింది మీరు ఊహించరు. రికార్డుని తిరగేసి, చివరి నుంచి మొదటికి నడిపించాడు. మట్ట అడ్డం తొలగగానే సిగ్నల్ వచ్చేస్తుంది గానీ, లూప్ కుదురుకునేలోపు మంచి సింబల్స్ కొన్ని వృథాగా పోతాయి. వెనక నుంచి వస్తే ఆ చోటికి చేరేసరికి లూప్ అప్పటికే కుదిరి ఉంటుంది. అలా తీసిన సింబల్స్‌ని మళ్ళీ సరైన వరసలో పేర్చి డీకోడర్‌కి ఇచ్చాడు. చీలికల అంచులు ఇంకాస్త మూసుకున్నాయి. నడిమధ్య నలుపు మాత్రం అలాగే ఉంది. అక్కడ సరిచేయడానికి ఏమీ రాలేదు.

"అయితే ఆ నలుపు నా చెట్టుదేనంటావు" అన్నారు పక్కింటాయన.

"చెట్టుది కాదు మావయ్యా, మట్టలది. వంద నిమిషాల్లో ఇంకో పాస్ ఉంది. భూమి ఈలోపు తిరుగుతుంది గదా, అది పూర్తిగా మీ దొడ్డి వైపే."

"దింపువాడు వచ్చినప్పుడు ఎండుమట్టలు తీయిస్తాను. పచ్చివి ముట్టనివ్వను, ముందే చెబుతున్నా." ఆయన మెట్ల వైపు నడిచారు. కుర్రాడు అప్పటికే టవర్ స్వరం మళ్ళీ వెతుకుతున్నాడు. డాంగిల్ ఇప్పుడు 44 చూపిస్తోంది.